మూత్రపిండాలలో రాళ్ళు

మూత్రపిండాలలో రాళ్ళు అనగా మూత్రంలో కరిగి ఉండవలసిన లవణాలు స్ఫటికాలుగా మారి, గట్టిపడి ఏర్పడే ముద్దలు. ఆయుర్వేదంలో ఈ వ్యాధిని అశ్మరి అంటారు. రాయి మూత్రపిండంలో కదలకుండా ఉన్నంతకాలం చాలామందికి ఏ బాధా తెలియదు. అది మూత్రనాళంలోకి జారి మూత్రానికి అడ్డుపడినప్పుడు తీవ్రమైన నొప్పి పుడుతుంది. ఒకసారి రాయి వచ్చినవారిలో సుమారు సగం మందికి 10 సంవత్సరాలలోపు మళ్ళీ వస్తుంది. అందువలన ఏ నొప్పికి ఇంటివద్ద ఓర్చుకోవచ్చునో, ఏ నొప్పికి వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెనో రోగికీ, కుటుంబసభ్యులకూ తెలిసి ఉండాలి.

కారణాలు

రాళ్ళలో అత్యధికం కాల్షియం ఆగ్జలేట్ రాళ్ళు. యూరిక్ ఆమ్లపు రాళ్ళు, మూత్రంలో సూక్ష్మజీవుల వలన ఏర్పడే రాళ్ళు, అరుదుగా సిస్టీన్ రాళ్ళు కూడా ఉంటాయి. చెమటతో నీరు పోయి మూత్రం చిక్కబడడం ముఖ్య కారణం. ఉప్పు, మాంసం అధికంగా తినడం, వంశపారంపర్యం, స్థూలకాయం ఇతర కారణాలు.

నిజామాబాదు జిల్లాలో వేసవి ఎండలు తీవ్రంగా ఉంటాయి. చెరకు నరికేవారు, పసుపు ఉడకబెట్టేవారు, వరి పొలాలలో పనిచేసేవారు చెమట పోయినంత నీరు తాగలేకపోతే వారి మూత్రం చిక్కబడుతుంది. 1937లో స్థాపించబడిన బోధన్ నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడినా, ఎండలో చేసే ఈ కాయకష్టం అలాగే ఉన్నది.

లక్షణాలు

నొప్పి హఠాత్తుగా నడుము పక్కన, పక్కటెముకల కింద మొదలై పొత్తికడుపుకు, గజ్జలకు దిగుతుంది. తెరలు తెరలుగా వస్తుంది. రోగి ఏ భంగిమలోనూ నిలువలేక అటూ ఇటూ పొర్లుతాడు. వాంతులు, మూత్రంలో రక్తం, మాటిమాటికీ మూత్రం రావడం కనిపిస్తాయి. నొప్పి తీవ్రతను బట్టి రాయి పరిమాణాన్ని చెప్పలేము. చిన్న రాయి కూడా భరించరాని బాధ కలిగించవచ్చు.

అత్యవసర పరిస్థితులు

క్రింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయరాదు.
* నొప్పితో పాటు జ్వరం లేదా చలివణుకు
* మూత్రం పూర్తిగా ఆగిపోవడం
* ఒకే మూత్రపిండం ఉండడం, లేదా మూత్రపిండాల జబ్బు ఉండడం
* గర్భిణీ స్త్రీకి నొప్పి రావడం
* నీరు కూడా నిలువనంత వాంతులు, మందులకు తగ్గని నొప్పి

వీటిలో మొదటిది మిక్కిలి ప్రమాదకరం. అడ్డుపడిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరిగి రక్తంలోకి వ్యాపిస్తే ప్రాణాపాయం కలుగుతుంది. అప్పుడు రాయిని తీయడం కంటె ముందు, నిలిచిన మూత్రాన్ని స్టెంటు ద్వారా గాని, వీపు వైపు నుండి పెట్టే సన్నని గొట్టం ద్వారా గాని బయటకు పంపాలి. అనేకసార్లు నొప్పి అనుభవించినవారు "ఇది పాత నొప్పే" అనుకొని జ్వరాన్ని పట్టించుకోకపోవడం తగదు.

బోధన్ నుండి నిజామాబాదు సుమారు 25 కిలోమీటర్ల దూరం. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన 108 అంబులెన్సు సేవను తెలంగాణలో ఉచితంగా వాడుకోవచ్చు. పాత స్కానింగు కాగితాలు, వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకొని వెళ్ళాలి.

చికిత్స

నొప్పికి డైక్లోఫినాక్ వంటి మందులు బాగా పనిచేస్తాయి. అయితే మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండ్లు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అనుమతి లేకుండా వాడరాదు. మందుల దుకాణంలో కొని తరచుగా మింగడం మూత్రపిండాలకే హాని. వేడి కాపడం కొంత ఉపశమనమిస్తుంది. నొప్పి సమయంలో బలవంతంగా బిందెడు నీరు తాగినంత మాత్రాన రాయి జారిపోదు.

అల్ట్రాసౌండ్ లేదా సి.టి. స్కాన్ ద్వారా రాయిని గుర్తిస్తారు. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్ళు చాలావరకు కొన్ని వారాలలో వాటంతట అవే పడిపోతాయి. 10 మిల్లీమీటర్లు దాటినవి అరుదుగా పడతాయి. వాటిని శరీరం వెలుపలి నుండి తరంగాలతో పగులగొట్టి గాని, దుర్భిణి గొట్టంతో గాని తొలగిస్తారు. స్టెంటు వేయించుకున్నవారు దానిని చెప్పిన గడువులో తప్పక తీయించుకోవాలి. మరచిపోతే దానిపైనే రాళ్ళు పేరుకుంటాయి. ఈ చికిత్సలలో కొన్ని ఆరోగ్యశ్రీ పథకం పరిధిలో ఉన్నాయి.

నమ్మకాలు

టమాటా గింజలే రాళ్ళవుతాయన్నది నిజం కాదు. కొండపిండి ఆకు, అరటి దూట రసం, ఉలవల కషాయం వాడకం తెలుగునాట చాలాకాలంగా ఉన్నది. ఇవి పెద్ద రాయిని కరిగిస్తాయనడానికి తగిన రుజువు లేదు. చెరకు రసం ద్రవమే అయినా దానిలో చక్కెర ఎక్కువ. నీటికి బదులుగా రోజూ తాగదగినది కాదు. కూరలో వేసే చిటికెడు పసుపుతో భయం లేదు గాని, పసుపు మాత్రలు అధికంగా మింగితే మూత్రంలో ఆగ్జలేట్ పెరుగుతుంది.

నివారణ

* రోజుకు 2.5 లీటర్ల మూత్రం వచ్చేంత నీరు తాగాలి. ఎండలో పనిచేసేవారికి ఇంకా ఎక్కువ అవసరం. మూత్రం లేత పసుపు రంగులో ఉండాలి. గుండె లేదా మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడిగి తాగాలి.
* ఉప్పు, పచ్చళ్ళు, మాంసం తగ్గించాలి. నిమ్మరసం మంచిది, ఉప్పు కలపరాదు.
* పాలు, పెరుగు మానరాదు. పాలకూర, చుక్కకూర తినేటప్పుడు పెరుగు కూడా తింటే ఆగ్జలేట్ పేగులలోనే కాల్షియంతో కలిసి బయటకు పోతుంది.
* మూత్రాన్ని వడకట్టి, పడిన రాయిని దాచి పరీక్షకు ఇవ్వాలి. రాయి రకం తెలిస్తేనే తగిన ఆహారం, మందు నిర్ణయించగలరు.