రెండక్షరాల కమాండ్, మాయమైన సినిమా

ఫోన్‌లో ఫొటో డిలీట్ చేస్తే అది కొన్నాళ్లు ట్రాష్‌లో కూర్చుంటుంది కదా. 1971లో యూనిక్స్ మొదటి మాన్యువల్ వచ్చినప్పుడు అలాంటి సౌకర్యం లేదు. ఆర్ఎం అని టైప్ చేసి ఫైల్ పేరు కొడితే పోయినట్టే. "నిజంగా తీసేయాలా?" అని అడిగేది కూడా కాదు. అప్పట్లో వాడినవి టెలిటైప్ మెషీన్లు. మోడల్ 33 అయితే సెకనుకు 10 అక్షరాలే కాగితం మీద కొట్టేది. అందుకే కమాండ్లు పొట్టిగా, మాటామంతీ లేకుండా ఉండేవి.

అసలు ప్రమాదం స్టార్ గుర్తుతో. "స్టార్ డాట్ టీఎంపీ" అంటే ఆ తోకతో ఉన్న ఫైళ్లు మాత్రమే. స్టార్ తర్వాత పొరపాటున ఒక స్పేస్ పడిందనుకోండి, ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ గోవిందా! పాపం, ఇందులో ఆర్ఎం తప్పేం లేదు. స్టార్‌ని విప్పి పేర్ల లిస్టుగా మార్చేది షెల్. ఆర్ఎం చేతికి ఆ లిస్టే అందుతుంది, మీరు స్టార్ కొట్టారని దానికి తెలీనే తెలీదు.

దీనికి మందు హైఫన్ ఐ. అది పెడితే ఒక్కో ఫైలుకీ అడుగుతుంది. నా లెక్కలో ఇది సగం మందే. నలభైసార్లు "వై" కొట్టిన వేలు నలభై ఒకటోసారి ఆగి చదవదు. యాప్ అడిగిన ప్రతిదానికీ మనం "అలౌ" నొక్కట్లేదా? పైగా హైఫన్ ఎఫ్ ఇస్తే ప్రశ్నే రాదు.

1998లో పిక్సార్‌లో టాయ్ స్టోరీ 2 పని నడుస్తోంది. ఎవరో సర్వర్‌లో ఆర్ఎం కొట్టారు. ఓరెన్ జేకబ్ వాళ్లు చూస్తుండగానే వుడీ పాత్ర ఫైళ్లు ఒక్కొక్కటీ మాయమవుతున్నాయి. వెంటనే ఫోన్ చేసి మెషీన్ ప్లగ్ పీకేయమన్నారు. బ్యాకప్ ఉందిలే అనుకుంటే, అది సరిగ్గా పనిచేయట్లేదని అప్పుడు తెలిసింది! చివరికి, బిడ్డ పుట్టాక ఇంటి నుంచి పనిచేస్తున్న గాలిన్ సుస్మాన్ దగ్గర ఒక కాపీ దొరికింది. ఆ కంప్యూటర్‌ని దుప్పట్లు చుట్టి కారులో తెచ్చారు. విచిత్రం ఏంటంటే, అంత కష్టపడి కాపాడిన కథలో చాలా భాగాన్ని తర్వాత వాళ్లే పక్కనపెట్టి మళ్లీ చేశారు. సినిమా 1999 నవంబర్‌లో వచ్చింది.

2006లో లినక్స్‌లో వాడే గ్నూ ఆర్ఎంకి డిఫాల్ట్‌గానే ఒక కాపలా పెట్టారు. మొత్తం సిస్టమ్‌కి మూలమైన రూట్ ఫోల్డర్‌ని తుడిచేయమంటే అది అడగదు, చేయనంటుంది. కావాలంటే పొడుగాటి ఆప్షన్ ఒకటి టైప్ చేయాల్సిందే. ఊరికే అడగడం కంటే ఇది చాలా నయం. కానీ రూట్ స్లాష్ పక్కన ఒక్క స్టార్ పెట్టారంటే ఆ కాపలా పనిచేయదు. షెల్ ముందే దాన్ని విప్పేసి, లోపలి ఫోల్డర్ల పేర్లు విడివిడిగా ఇస్తుంది. అందులో రూట్ పేరే ఉండదు మరి.