క్షయ నీడలో దాగిన క్యాన్సర్

విడవని దగ్గు, తగ్గిపోయే బరువు, తెమడలో రక్తపు జీర. ఈ మూడూ కనిపిస్తే మన దేశంలో వైద్యుడికి ముందుగా తట్టేది క్షయ. ఆ ఊహ తప్పు కాదు. కానీ ఊపిరితిత్తుల క్యాన్సర్ లక్షణాలూ ఇవే. ఈ చిక్కు వయస్సు రెండు వందల ఏళ్లు దాటింది.

1810లో ఫ్రెంచి వైద్యుడు గాస్పార్ లోరాన్ బేల్, 900 శవపరీక్షల ఆధారంగా క్షయపై ఒక గ్రంథం వెలువరించారు. మనిషిని కృశింపజేసే ఊపిరితిత్తుల వ్యాధి ఏదైనా ఆనాటి వాడుకలో క్షయే. బేల్ దానిని ఆరు రకాలుగా విభజించి, అందులో ఒకదానిని 'క్యాన్సర్ క్షయ' అన్నారు. పేరు పొరపాటే అయినా, చూపు మాత్రం సరైనది. స్టెతస్కోపు కనిపెట్టిన లెనెక్ తరువాత ఆ గడ్డను క్షయ నుండి వేరుచేశారు. చిత్రమేమిటంటే, ఆ మిత్రులిద్దరినీ బలిగొన్నది క్షయే.

ఆపై వియన్నాలో రోకిటాన్‌స్కీ అనే మహా పండితుడు ఈ రెండు వ్యాధులకూ పొసగదని, ఒకటి ఉన్న దేహంలో రెండవది అరుదని బోధించారు. పెద్దల మాట కదా, చాలాకాలం చెల్లింది. రెండూ ఒకే ఊపిరితిత్తిలో కనిపించిన శవపరీక్షలు పోగుపడ్డాకనే ఆ నమ్మకం సడలింది.

1882 మార్చి 24న కోచ్ క్షయ క్రిమిని ప్రకటించారు. అనుమానానికి నిర్ధారణ దొరికింది. అయితే తెమడలో క్రిమి కనబడితే క్షయ ఉన్నదని తెలుస్తుందే గాని, ఎక్స్‌రేలోని నీడ అంతా క్షయదేనని తెలియదు.

ఈ భేదాన్ని నేను పుస్తకంలో చదివాను, రోగి దగ్గర మరిచాను. ఉద్యోగపు తొలినాళ్లలో బీడీలు కాల్చే ఒక రైతు వచ్చాడు. తెమడలో క్రిములున్నాయి, మందులు మొదలుపెట్టాను. రెండు నెలలకు తెమడ శుభ్రపడింది. నేను సంతోషించాను. బరువు పెరగలేదన్న అతని భార్య మాటను పట్టించుకోలేదు. మరి కొన్నాళ్లకు మెడ ఎముక పైన గడ్డ లేచింది. సూది పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. అప్పటికి శస్త్రచికిత్స దశ దాటిపోయింది.

అందువల్ల ఇంట్లో ఎవరైనా క్షయ మందులు వాడుతుంటే వైద్యుడిని ఇలా అడగండి: క్రిమి నిజంగా కనబడిందా, లేక నీడను చూసి మందులిచ్చారా? రెండు నెలల తరువాత నీడ తగ్గిందా? తగ్గకపోతే, ముఖ్యంగా పొగతాగేవారికి, మందులు లొంగని క్షయ పరీక్షతోపాటు సీటీ స్కాన్, బ్రాంకోస్కోపీతో ముక్క తీసి చూడడం అవసరమా అని అడగండి. క్యాన్సర్ అని తేలినా క్షయ మందులు మీ అంతట మీరు ఆపవద్దు; క్యాన్సర్ చికిత్సలో రోగనిరోధక శక్తి తగ్గితే క్షయ మళ్లీ విజృంభించగలదు.