చదరంగపు గడుల సంఖ్య

నారాయణఖేడునకు నైరుతి దిక్కున, నేటి కర్ణాటకములోని కలబురగి మండలమున, మల్‌ఖేడను గ్రామము కలదు. అదియే రాష్ట్రకూటుల రాజధానియగు మాన్యఖేటము. మీ యూరి పేరి తుదనున్న ఖేడును, ఆ ఖేటమును ఒక్క మాటయే. ఆ పురమేలిన అమోఘవర్ష నృపతుంగుని కొనియాడుచు క్రీ.శ. 850 ప్రాంతమున మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహము రచించెను. దానిని తెనిగించినవాడు పావులూరి మల్లన. తెలుగున మనకు దక్కిన తొలి గణితగ్రంథ మదియే.

ఆ మల్లన పేర వాడుకలోనున్న యొక పద్యమున చదరంగపు లెక్క కలదు. చదరంగమును కల్పించినవాడు రాజు నడిగిన వరమిది యని కథ: మొదటి గడికి ఒక గింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు, ఇట్లు 64 గడులకును ఇనుమడింపవలెను. మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. క్రీ.శ. 1000 ప్రాంతమున అల్ బీరూనీ పండితుడును ఈ సంఖ్యనే గణించి వ్రాసెను.

మన పద్యమున అంకెలు లేవు, మాటలే కలవు. బాణములైదు గనుక 5, చంద్రుడొక్కడు గనుక 1, వేదములు నాలుగు గనుక 4, ఆకాశము శూన్యము గనుక 0. వీనిని కుడినుండి యెడమకు పేర్చుకొనవలెను. తాటియాకుపై అంకె తప్పిన నెవ్వరికిని తెలియదు. పద్యమున మాట తప్పిన, గణమో యతియో చెడి తఱచు చెవికే తెలియును. ఇరువది యంకెలకు ఛందస్సు కావలియైనది.

ఈ సంఖ్య గుణములు వినుడు. ఏ గడివరకు కూడినను మొత్తము తరువాతి గడికంటె ఒకటి తక్కువ. 1, 2, 4 కూడిన 7. నాలుగవ గడిలో 8. తుది యంకె 5 గనుక ఈ సంఖ్య ఐదింటిచే తెగును. అంకెలన్నియు కూడిన 87; అది మూటిచే తెగును గనుక ఇదియు తెగును. సగము బల్లపై గింజలు 4,29,49,67,295. దానిని, దానికంటె రెండెక్కువైన సంఖ్యచే గుణించిన మన సంఖ్యయే వచ్చును. ఆ రెండవ సంఖ్య దేనిచేతను తెగదని ఫ్రెంచి పండితుడు ఫెర్మా తలచెను. 641చే తెగునని 1732లో ఆయిలరు చూపెను.

గ్రాముకు 40 బియ్యపు గింజలని యెంచిన, ఈ రాశి 46,000 కోట్ల టన్నులు మించును. నేడు లోకమంతటి బియ్యము ఏటికి సుమారు 50 కోట్ల టన్నులు. రాజు తొమ్మిదివందల యేండ్ల పంట బాకీపడెనన్నమాట!

ఇది వినోదమాత్రము కాదు. తెలంగాణమున ధాన్యపు అప్పునకు నాగు అని పేరు. నిజాము కాలమున అట్టి యప్పులచే భూములు కోల్పోయిన కాపులు కలరు. ఒక తూము అప్పు తెచ్చి, ఏటికి సగము వడ్డీ చొప్పున తీర్పక అసలులో కలుపుచు పోయిన, పదియేండ్లకు 57 తూములు దాటును. రాజును, రైతును మొదటి గడినే చూచి ఒప్పుకొనిరి. కావున పత్రముపై వ్రాలు చేయుటకు ముందు, బడికేగు మనుమనిచేనైనను లెక్క వేయించి, పదవ గడిని చూచుకొనుడు.