దారిలో పోతే నష్టం ఎవరిది?

సాళువ నరసింహరాయలు గుర్రాలు కొన్న తీరు గురించి పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టిన సంగతి ఒకటి ఉంది. నరసింహరాయలు విజయనగరాన్ని ఏలింది 1485 నుంచి 1491 దాకా. నూనిజ్ ఆ రాజ్యంలో ఉండి చరిత్ర రాసింది దాదాపు అర్ధశతాబ్దం తర్వాత. హోర్ముజ్ నుంచి, ఏడెన్ నుంచి వచ్చే గుర్రాలను రాయలు వెయ్యి పర్దావులకు (బంగారు నాణేలకు) మూడు చొప్పున కొనేవాడట. బతికి వచ్చినా, చచ్చి వచ్చినా అదే ధర. సముద్రంలో చచ్చిన గుర్రం కళేబరాన్ని ఎవరూ మోసుకురాలేరు కాబట్టి, దాని తోక కోసి తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికి ఇచ్చినట్టే వెల ముట్టేది.

ఇది పిచ్చి ఔదార్యం కాదు. ఒకవైపు బహమనీలు, మరోవైపు గజపతులు. అశ్విక దళం లేకపోతే రాజ్యం నిలవదు. యుద్ధానికి పనికొచ్చే మేలుజాతి గుర్రాలు దక్కనులో సరిగా పెరగవు. అవి అరేబియా, పర్షియా రేవుల నుంచి రావాల్సిందే. సముద్రం మీద సగం సరుకు పోతుందన్న భయంతో వర్తకుడు ఓడ ఎక్కడం మానేస్తే పోయేది రాజు బలమే. అందుకే ఆ భయాన్ని రాజే కొనేశాడు.

ఆ భయం ఎంతటిదో తెలియాలంటే ఓడను చూడాలి. అంతకు రెండు వందల ఏళ్ల ముందు హోర్ముజ్ రేవులో నిలబడి మార్కోపోలో చూసిన ఓడలకు ఇనుప మేకులు లేవు. కొబ్బరిపీచు తాడుతో పలకలను కుట్టి కట్టేవారు. ఒకే తెరచాప కొయ్య, ఒకే తెరచాప, ఒకే చుక్కాని. పైన డెక్కు లేదు. సరుకంతా నింపి, దానిమీద తోళ్లు పరిచి, ఆ తోళ్లమీద గుర్రాలను నిలబెట్టి హిందూదేశానికి పంపేవారు. తుఫాను వస్తే ఇలాంటి ఓడలు చాలా మునిగిపోతాయని కూడా ఆయనే రాశాడు. కాళ్ల కింద జారే తోలు, నెత్తిన ఎండ, కొలిచి పోసే మంచినీళ్లు. ఆ గుర్రం వారాల తరబడి అలా నిలబడి రావాలి.

పాండ్యుల రేవుల్లోనూ ఇలాంటి ఒప్పందమే నడిచింది. కైస్ ద్వీపం నుంచి ఏటా 1400 గుర్రాలను మాబారు తీరంలో దించాలని, ఒక్కోదానికి 220 ఎర్ర బంగారు దీనార్లు ఇవ్వాలని, దారిలో గాయపడినా చచ్చినా ఖజానా నుంచే వెల కట్టాలని పర్షియన్ చరిత్రకారుడు వస్సాఫ్ రాశాడు. అదే తీరం గురించి మార్కోపోలో చెప్పిన మాట మరీ బాధాకరం. వేల గుర్రాలు దిగినా ఏడాది తిరిగేసరికి వందైనా మిగలవట. వాటిని సాకడం తెలిసినవాళ్లు అక్కడ లేరు. తెలిసినవాళ్లను వర్తకులు రానివ్వరు. చచ్చే కొద్దీ కొత్త గుర్రాలు అమ్ముడవుతాయి కదా! నష్టమంతా కొనేవాడి నెత్తినే పడితే, దారిలో ఆ ప్రాణికి నీళ్లు పెట్టాలన్న తొందర పంపేవాడికి ఎందుకుంటుంది? రవాణా చరిత్ర అడుగడుగునా తేల్చుకోవాల్సి వచ్చిన ప్రశ్న ఇదే.

తెలుగు తీరం దీనికి మరో వైపు నుంచి జవాబు వెతికింది. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి వీరభద్రాలయంలో కాకతీయ గణపతిదేవుడి అభయ శాసనం ఉంది. కాలం 1244-45. అంతకుముందు ఏం జరిగేదో శాసనమే దాపరికం లేకుండా చెబుతుంది. ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్లే ఓడలు గాలివానకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొస్తే వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నింటినీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు. సముద్రం మిగిల్చినదాన్ని ఒడ్డు మింగేదన్నమాట. ప్రాణం కంటే ధనమే ముఖ్యమనుకుని సముద్రానికి తెగించిన వర్తకుల మీద దయతో, నిర్ణయించిన సుంకం తప్ప మిగతా సొత్తంతా వాళ్లకే వదిలేస్తున్నామని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతికైనా దిగుమతికైనా సుంకం ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, పట్టునూలు వంటివాటికి విడివిడిగా రేట్లు కూడా చెక్కించాడు.

రాతిమీద రేటు చెక్కడం చిన్న విషయం కాదు. రేవులో దిగిన వర్తకుడు అధికారి నోటిమాటను నమ్ముకోనక్కర్లేదు. శాసన స్తంభం దగ్గరికి వెళ్లి చూపిస్తే చాలు. 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మళ్లీ అభయ శాసనం వేయించాడు. పాలన మారినప్పుడల్లా వర్తకులు అదే ప్రశ్న అడిగారనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

నేలమీద కథ వేరు. పెరికె ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన లంబాడీలు చాలావరకు తాము కొన్న సరుకునే మోసి అమ్ముకున్నారు. ఎద్దు కూలినా, బస్తా తడిసినా నష్టం వాళ్లదే. అడగడానికి రెండో మనిషి లేడు. పరాయి సరుకును కిరాయికి మోసే కంపెనీలు పెరిగాక తగాదా కోర్టుకెక్కింది. 1865లో క్యారియర్ల చట్టం వచ్చింది. సరుకు పోతే మోసేవాడి నిర్లక్ష్యాన్ని సొంతదారు రుజువు చేయనక్కర్లేదన్నది ఆ చట్టం ఇచ్చిన పెద్ద అండ. బండివాడు చేసిన తప్పుకు యజమాని జవాబు చెప్పాలి.

రైళ్ల దగ్గరికి వచ్చేసరికి లెక్క బిగుసుకుంది. 1890 రైల్వే చట్టం ప్రాణాలకు ధరల పట్టీ వేసింది. దారిలో పోతే ఏనుగుకైనా గుర్రానికైనా గరిష్ఠంగా 500 రూపాయలు. ఒంటెకు, కొమ్ములున్న పశువుకు 50. గాడిద, గొర్రె, మేక, కుక్క అయితే 10. అంతకంటే విలువైనదైతే బుక్ చేసేటప్పుడే ఆ మాట చెప్పి, అదనపు రుసుము కట్టాలి. చెప్పకపోతే ఎంత మేలుజాతి కోడె అయినా 50 రూపాయల పశువే. పైగా పశువు విలువ ఎంతో రుజువు చేసే బరువు సొంతదారు మీదే పెట్టారు. ఆ మొత్తాలు తర్వాత మారాయి. పద్ధతి మాత్రం మారలేదు. నేటికీ రైల్వేలో విలువ ముందే ప్రకటించి అదనపు రుసుము కడితే తప్ప పరిహారానికి గరిష్ఠ పరిమితి ఉంటుంది.

పశువు విలువ అంటే ఏమిటో ఒంగోలు సీమకు బాగా తెలుసు. 1878లో బ్రెజిల్ రైతు ఒకడు జర్మనీలోని హాంబర్గ్ జంతుశాలలో ఒంగోలు జాతి జంటను కొని తీసుకెళ్లాడు. 1960ల ఆరంభంలో ఇక్కడి నుంచి బ్రెజిల్‌కు తరలిన పశువుల్లో ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరు మోసిన ఆబోతు ఒకటి. ఓడ దిగగానే ఆ పశువులు నేరుగా పొలాలకు వెళ్లలేదు. అట్లాంటిక్ సముద్రంలోని ఫెర్నాండో డి నొరోన్యా దీవిలో, రోగాలేవీ లేవని తేలేదాకా, విడిగా ఉంచారు. అంత దూరం బతికి చేరిన ఆ కొద్ది పశువుల సంతతే నేడు బ్రెజిల్ మాంసపు పశుసంపదకు వెన్నెముక.

లారీలు వచ్చాక ప్రాణం తరఫున మాట్లాడే నిబంధనలు కూడా వచ్చాయి. 1978 నాటి జంతు రవాణా నిబంధనల ప్రకారం ఒక లారీలో ఆరు పశువులకు మించకూడదు, వెంట ఒక మనిషి ఉండాలి, వేరే సరుకు కలపకూడదు, బెదరకుండా వీలైనంతవరకు వాటి ముఖాలు ఇంజను వైపు ఉండాలి. కుక్కకు, పిల్లికి ప్రయాణం చేయగలదని పశువైద్యుడి సర్టిఫికెట్ కావాలి. ఎక్కించడానికి కనీసం రెండు గంటల ముందే వాటికి తిండి, నీళ్లు పెట్టాలి. దూర ప్రయాణంలో వేసవి అయితే నాలుగు గంటలకోసారి, చలికాలమైతే ఆరు గంటలకోసారి నీళ్లు తాగించాలి. తోళ్లమీద నిలబడి వచ్చిన గుర్రాలకు ఈ మాట చెప్పేవాళ్లు దొరకలేదు.

1865 చట్టం స్థానంలో వచ్చిన 2007 రోడ్డు రవాణా చట్టం 2011 నుంచి అమల్లో ఉంది. దాని కింద చేసిన నిబంధనల్లో చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. ఎక్కువ విలువ ముందే ప్రకటించి, దానికి అదనపు రుసుము కట్టడానికి ఒప్పుకోకపోతే పరిహారం కిరాయికి పదింతలు దాటదు. హైదరాబాదు నుంచి విశాఖకు బైకు పంపడానికి మూడు వేలు కిరాయి ఇచ్చినవాడికి, ఆ బైకు లక్ష రూపాయలదైనా, చట్టప్రకారం దక్కేది 30 వేలకు మించదు. నష్టం జరిగితే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ గడువు దాటితే కేసుకు దారి మూసుకుపోతుంది.

కాబట్టి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో, లేదా నేరుగా లారీ డ్రైవరుతో బేరం కుదుర్చుకునేటప్పుడు కిరాయి ఒక్కటే అడిగితే సరిపోదు. లోడు దారిలో మరో బండికి మారుస్తారా? మారిస్తే ఎక్కడ, ఎవరి చేతికి ఇస్తారు? రాత్రి బండి ఎక్కడ ఆపుతారు? కుక్క ఉంటే క్యాబిన్‌లోనా, వెనుక బాడీలోనా? నీళ్లు ఎవరు పెడతారు? కారైతే ఎక్కించే ముందు గీతలు, సొట్టలు, కిలోమీటర్ల రీడింగు ఫొటో తీసి డ్రైవరుతో సంతకం పెట్టించుకోవాలి. బిల్టీ (సరుకు రసీదు) మీద ‘ఓనర్స్ రిస్క్’ అని ముద్ర కనబడితే దాని అర్థం ఏమిటో, బీమా ఎవరు కడుతున్నారో అక్కడే తేల్చుకోవాలి. మంచి డ్రైవరు ఈ ప్రశ్నలకు విసుక్కోడు. విసుక్కునేవాడి బండిలో ప్రాణిని ఎక్కించకపోవడమే మంచిది. ఇక బిల్టీలో విలువ రాశారో లేదో కళ్లారా చూసుకునేదాకా తాళంచెవిని గానీ, గొలుసును గానీ చేతికి ఇవ్వకండి.