ఓటమి గడిలో సున్నా

1985 సెప్టెంబరు 21న లాస్ వేగాస్‌లో ల్యారీ హోమ్స్ రింగులోకి దిగేటప్పటికి అతని ఖాతాలో 48 గెలుపులున్నాయి, ఓటమి ఒక్కటీ లేదు. ఇంకొక్కటి గెలిస్తే రాకీ మార్సియానో 49-0 లెక్కను అందుకుంటాడు. సరిగ్గా ముప్పై ఏళ్ళ కిందట, అదే తారీఖున, మార్సియానో తన ఆఖరి పోటీ ఆడాడు. హోమ్స్‌కు ఎదుట నిలబడ్డది మైకేల్ స్పింక్స్, లైట్ హెవీవెయిట్ నుంచి బరువు పెంచుకుని పై తరగతికి వచ్చినవాడు. పదిహేను రౌండ్లయ్యాక జడ్జీలు స్పింక్స్ చెయ్యెత్తించారు. ఆ అక్కసులో హోమ్స్ విలేకరుల ముందు మార్సియానోను తీసిపారేస్తూ నోరు జారాడు. చనిపోయిన ఛాంపియన్ తమ్ముడు అక్కడే ఉన్నాడు.

హోమ్స్ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. 1978లో కెన్ నార్టన్‌తో పదిహేనో రౌండు చివరిదాకా హోరాహోరీగా పోరాడి టైటిల్ తెచ్చుకున్నాడు. ఏడేళ్ళు దాన్ని చెయ్యి జారనివ్వలేదు. అతని ఎడమచేతి జాబ్‌కు ఆ తరంలో సాటి లేదు. అంతటివాణ్ణి చాలామంది 49కి ఒకటి తక్కువైనవాడిగానే గుర్తుపెట్టుకున్నారు. ఓటమి గడిలో సున్నా ఉంటే గొప్ప, ఒకటి పడితే పరువు పోయినట్టే అన్న ఈ లెక్క బాక్సింగ్‌లో మొదటినుంచీ ఉన్నది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి రింగుల్లోకి వెళ్ళి చూడండి. 1943 ఫిబ్రవరి 5న డెట్రాయిట్‌లో షుగర్ రే రాబిన్సన్ జీవితంలో మొదటిసారి ఓడాడు. అప్పటికి 40 పోటీలు వరసగా గెలిచినవాడు. తనకంటే బాగా బరువైన జేక్ లమోటా ఎనిమిదో రౌండులో అతణ్ణి తాళ్ళ సందులోంచి బయటికి పడేలా కొట్టాడు. ఇవాళ్టి బాక్సర్ అయితే ఆ దెబ్బకు ఏడాదిపాటు కనిపించడు. రాబిన్సన్ రెండు వారాలకు వేరొకరితో ఆడి గెలిచాడు. ఇంకో వారానికి అదే డెట్రాయిట్‌లో మళ్ళీ లమోటాతోనే తలపడి, ఈసారి తనే గెలిచాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళకు పైగా అతణ్ణి ఓడించినవాడు లేడు. 1951 జులైలో లండన్‌లో ర్యాండీ టర్పిన్ ఆ పరంపర తెంచి మిడిల్‌వెయిట్ టైటిల్ తీసుకుపోయాడు. రెండు నెలలకే న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో, అరవై వేలకు పైగా జనం ముందు, మళ్ళీ ఇద్దరూ ఎదురుపడ్డారు. పదో రౌండులో రాబిన్సన్ ఎడమ కనుబొమ చిట్లి రక్తం ధారగా కారింది. రిఫరీ పోటీ ఆపేస్తే టైటిల్ పోయినట్టే. ఇక కాచుకోవడం మానేసి ముందుకు దూకాడు. ఒక కుడిచేతి దెబ్బకు టర్పిన్ కింద పడ్డాడు. లేచినవాణ్ణి తాళ్ళకు ఆనించి, రిఫరీ అడ్డుపడేదాకా గుద్దుతూనే ఉన్నాడు. రౌండు ముగియడానికి ఇంకా ఎనిమిది సెకన్లున్నాయి.

రాబిన్సన్ మొత్తం దాదాపు 200 పోటీలు ఆడాడు, 19 ఓడాడు. వాటిలో సగం నలభై ఏళ్ళు దాటాక వచ్చినవే. అయినా ఏ బరువు తరగతిలోనైనా సాటిలేని బాక్సర్ ఎవరంటే బాక్సింగ్ తెలిసినవాళ్ళలో ఎక్కువమంది ముందు చెప్పే పేరు అతనిదే. విల్లీ పెప్ కథా అలాంటిదే. మొదటి 62 పోటీలు గెలిచాక ఒకటి ఓడాడు. 1947 జనవరిలో విమాన ప్రమాదంలో వెన్ను, కాలు విరిగినా కొద్ది నెలలకే రింగులోకి తిరిగొచ్చాడు. మొత్తం 229 గెలుపులు, 11 ఓటములు.

ఆ కాలంలో గుద్దితేనే కూడు. నెలకు ఒకటి రెండు పోటీలు లేకపోతే ఇల్లు గడవదు. ఎదుటివాణ్ణి ఏరుకునే వీలు కొద్దిమందికే ఉండేది. నల్లజాతి బాక్సర్లకు అదీ లేదు. శామ్ లాంగ్‌ఫోర్డ్‌కు హెవీవెయిట్ టైటిల్ పోటీ దక్కలేదు, చార్లీ బర్లీకి ప్రపంచ టైటిల్ పోటీ అన్నదే దక్కలేదు. ఆర్చీ మూర్ 1930ల నుంచి ఆడుతూ 1952 డిసెంబరుదాకా ఆ అవకాశం కోసం కాచుకున్నాడు. అదే మూర్‌ను మూడుసార్లు ఓడించిన ఎజర్డ్ చార్లెస్‌కు లైట్ హెవీవెయిట్ టైటిల్‌కు పోటీపడే అవకాశమే రాలేదు. తలుపులు మూసేసిన చోట వీళ్ళు తమలో తామే మళ్ళీ మళ్ళీ తలపడ్డారు. వాళ్ళ ఖాతాల్లో ఓటములు ఎందుకున్నాయని అడిగేవాళ్ళు ముందు ఈ చరిత్ర చదవాలి.

ఇక మార్సియానో. బ్రాక్టన్‌లో బూట్ల ఫ్యాక్టరీ కార్మికుడి కొడుకు, హెవీవెయిట్‌కు పొట్టివాడు, చేతులూ పొట్టివే. అతని గొప్పతనం చూడాలంటే 49 అన్న అంకెను పక్కనబెట్టి 1952 సెప్టెంబరు 23 రాత్రి ఫిలడెల్ఫియాకు వెళ్ళాలి. ఛాంపియన్ జెర్సీ జో వాల్కాట్ మొదటి రౌండులోనే ఎడమ హుక్‌తో అతణ్ణి కింద పడేశాడు. మార్సియానో నేలకు తగలడం అదే మొదలు. నడుమ రౌండ్లలో కళ్ళు మండి చూపు మసకబారింది. పన్నెండు రౌండ్లయ్యేసరికి ముగ్గురి స్కోరు కార్డుల్లోనూ వెనకబడి ఉన్నాడు. పదమూడో రౌండులో వాల్కాట్ తాళ్ళ దగ్గరికి వెనక్కి జరిగాడు. ఇద్దరూ ఒకేసారి కుడిచెయ్యి విసిరారు, మార్సియానోది ముందు తగిలింది. పట్టుమని అడుగు దూరం కూడా ప్రయాణించని దెబ్బ అది. వాల్కాట్ ఎడమచెయ్యి తాడుకు చిక్కుకుని, అలాగే జారుతూ మోకాళ్ళ మీద కూలిపోయాడు. ఓడిపోతున్న పోటీలో, దెబ్బలు తిన్న మొహంతో ఆ క్షణం కోసం ఓపిక పట్టిన గుండె దిటవుకు నేను చెయ్యెత్తి దండం పెడతాను.

సున్నాకు మాత్రం దండం పెట్టలేను. 1950లో రోలాండ్ లస్టార్జాతో పోటీలో జడ్జీలు చెరొకవైపు మొగ్గారు. రిఫరీ కార్డులో రౌండ్లు సమానమైతే అదనపు పాయింట్ల లెక్కతో మార్సియానో గట్టెక్కాడు. ఆ లెక్క ఇటుది అటైతే 49-0 అన్న మాటే ఉండేది కాదు, మనిషి మాత్రం అతనే. 1951లో అతను పడగొట్టిన జో లూయీకి 37 ఏళ్ళు. చిన్ననాటి నుంచి ఆరాధించినవాణ్ణి అలా కొట్టినందుకు మార్సియానో తర్వాత ఏడ్చాడు. వాల్కాట్‌కు 38. మూర్‌కూ అంతకు తక్కువ లేదు. ఇది అతని తప్పు కాదు. ఎదుట ఉన్నవాళ్ళతో ఆడాడు, ఎవరినీ తప్పించుకోలేదు. 1956లో, 32 ఏళ్ళకు, చేతిలో టైటిల్ ఉండగానే ఇంటికి వెళ్ళిపోయాడు. అంటే ఆ సున్నాను నిలబెట్టినవి అతని పిడికిళ్ళు మాత్రమే కాదు. ఒక రిఫరీ పెన్సిలూ, ఎదుటివాళ్ళ వయసూ, సరైన వేళకు తప్పుకున్న తెలివీ వాటితో కలిశాయి.

సున్నాలు ఎంత త్వరగా చేతులు మారతాయో 1970ల హెవీవెయిట్‌లు చూపించారు. 1971 మార్చి 8న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 31-0 మొహమ్మద్ అలీ, 26-0 జో ఫ్రేజియర్ ఎదురుపడ్డారు. పదిహేనో రౌండులో ఫ్రేజియర్ ఎడమ హుక్‌కు అలీ వెల్లకిలా పడి, వెంటనే లేచాడు, పోటీ ఓడాడు. 1973లో కింగ్‌స్టన్‌లో జార్జ్ ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ఫ్రేజియర్‌ను ఆరుసార్లు పడేశాడు. ఆ ఏడే నార్టన్ అలీ దవడ విరగ్గొట్టాడు. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో, 40-0తో దిగిన ఫోర్‌మన్‌ను, అప్పటికే రెండుసార్లు ఓడిన అలీ నాకౌట్ చేశాడు. కిన్షాసా, ఆ మరుసటేడు ఫ్రేజియర్‌తో మళ్ళీ తలపడ్డ మనీలా, ఇవి లేని అలీని ఊహించుకోండి. అవన్నీ ఓడిపోయాక సంపాదించుకున్నవే.

తర్వాత ఆటలోకి టీవీ డబ్బు వరదలా వచ్చింది. టైటిళ్ళిచ్చే సంస్థలు నాలుగయ్యాయి, బరువు తరగతులు పెరిగాయి, పోటీలు ఏడాదికి ఒకటి రెండుకు తగ్గాయి. పోస్టరు మీద సున్నా అమ్ముడుపోతుంది కాబట్టి ప్రమోటర్లు దాన్ని కాపాడటం నేర్చుకున్నారు. 1993లో సాన్ ఆంటోనియోలో 87-0 హూలియో సీసర్ చావెజ్‌ను పెర్నెల్ విటేకర్ తేటగా ఆడి మించాడని చూసినవాళ్ళలో ఎక్కువమంది అన్నారు. ఇద్దరు జడ్జీలు సమానమని రాశారు, చావెజ్ సున్నా మిగిలింది. నాలుగు నెలలకు ఫ్రాంకీ ర్యాండల్ దాన్ని తుడిచేశాడు.

ఫ్లాయిడ్ మేవెదర్ 50-0 గురించి మాట్లాడేటప్పుడు న్యాయంగా ఉండాలి. ఎడమ భుజం మాటున గడ్డం దాచుకుని వెంట్రుకవాసిలో దెబ్బ తప్పించుకునే విద్యలో అతనంతటివాడు అరుదు. 2002లో హోసే లూయీ కాస్టిల్లోపై గెలుపు వివాదమైతే, ఆ ఏడే మళ్ళీ ఆడి గెలిచాడు. కానీ 2009 నుంచి అందరూ అడిగిన మ్యానీ పక్వియావ్ పోటీ 2015 మేలో గానీ జరగలేదు. ఈలోగా పక్వియావ్ ఒకసారి నాకౌటై, వేగం తగ్గి ఉన్నాడు. యాభయ్యో గెలుపు కానర్ మెక్‌గ్రెగర్ మీద, అంతకుముందు ప్రొఫెషనల్ బాక్సింగ్ ఒక్కసారీ ఆడనివాడి మీద. అంకెల్లో అదీ ఒకటే, ఆస్కార్ డి లా హోయా మీద గెలుపూ ఒకటే. అందుకే అంకెను నమ్మను.

సున్నా వెనక అన్యాయం దాగిన కథా ఉంది. హంగేరీకి చెందిన లాస్లో పాప్ 1948, 52, 56 ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచి ప్రొఫెషనల్ అయ్యాడు. 27 గెలుపులు, రెండు డ్రాలు, ఓటమి లేదు. ప్రపంచ టైటిల్ అందబోయే వేళ అతని దేశ కమ్యూనిస్టు ప్రభుత్వం ఆడొద్దంది. ఆ సున్నాను అతను కోరుకోలేదు. దాని బదులు ఒక్క టైటిల్ పోటీ ఇచ్చి ఉంటే ఓడినా సంతోషించేవాడనిపిస్తుంది.

మన దేశంలో విజేందర్ సింగ్ 12-0తో సాగి, 2021 మార్చిలో గోవాలో రష్యాకు చెందిన అర్తిష్ లోప్సన్ చేతిలో ఓడాడు. ఆ పన్నెండు గెలుపుల కంటే 2008 బీజింగ్ ఒలింపిక్ కంచు పతకమే అతని పేరు నిలబెడుతుందని నా నమ్మకం. అది ఎదురొచ్చినవాళ్ళందరితో ఆడి, సెమీఫైనల్లో ఓడి తెచ్చుకున్నది.

ఒలింపిక్ తరహా బాక్సింగ్‌లో డ్రా తీస్తారు, ఎవరొస్తే వాళ్ళతో ఆడాలి. అందుకే అక్కడ సున్నాతో మిగిలేవాళ్ళు దాదాపు ఉండరు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2019లో సెలక్షన్ ట్రయల్ కావాలని క్రీడల మంత్రికే లేఖ రాసింది. డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఆ ట్రయల్‌లో మేరీ కోమ్‌తో ఆడి 9-1 తేడాతో ఓడింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన వూ యూ ఆమెను ప్రీక్వార్టర్స్‌లోనే ఇంటికి పంపింది. ఆమె ఖాతాలో ఓటములు చాలానే ఉన్నాయి. వాటిలో 2019 డిసెంబరుది ఆమె పట్టుబట్టి, ఉత్తరం రాసి మరీ అడిగి తెచ్చుకున్న పోటీలో వచ్చింది.