అంగడి తెర, బడి తెర: గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో డిజిటల్ సాధనాల ప్రవేశం

కీలక పదాలు: ఈ-నామ్, మిర్చియార్డు, కంప్యూటర్ విద్య, ట్యాబ్, కూలీల వలస

1. ఉపోద్ఘాతం

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో పత్తి, మిర్చి ప్రధాన వాణిజ్య పంటలు. ఈ పల్లెలకు కంప్యూటరు, అంతర్జాలం ముఖ్యంగా రెండు దారుల్లో చేరాయి. ఒకటి అంగడి, రెండవది బడి. సాధనాలు వచ్చిన తేదీలను నమోదు చేసినంత మాత్రాన ఈ చరిత్ర పూర్తికాదు. వినియోగదారునికీ యంత్రానికీ నడుమ ఎవరు నిలిచారన్నది కూడా పరిశీలించవలసి ఉంది.

2. అంగడి

జాతీయ వ్యవసాయ విపణి (ఈ-నామ్) 2016 ఏప్రిల్ 14న 21 మార్కెట్లతో ప్రారంభమైంది. అనంతరం గుంటూరు మిర్చియార్డు అందులో చేరింది. ద్వారం వద్ద సరుకు నమోదు, లాట్ సంఖ్య, నాణ్యత పరీక్ష, ఆన్‌లైన్ వేలం, తూకం, రైతు ఖాతాకు చెల్లింపు అన్నవి ఇందులోని దశలు. దూరప్రాంత వ్యాపారి సైతం తెరపై చూసి ధర వేయగలగాలన్నది దీని ఆశయం. అయితే మిర్చి ధరను రంగు, తేమ, తాలు శాతం నిర్ణయిస్తాయి. టిక్కీ విప్పి, కాయను చేత్తో పట్టి చూసి ధర చెప్పడం వ్యాపారికి అలవాటు. అంతకన్నా బలమైనది అప్పు. విత్తనానికి, పురుగుమందుకు, కూలికి పెట్టుబడి పెట్టిన కమీషన్ ఏజెంటు వద్దకే రైతు పంటను తెస్తాడు. తెర ధరను బహిరంగం చేయగలదు గాని, అప్పుబంధాన్ని తెంచలేదు.

2020 మే 30న రాష్ట్రంలో ప్రారంభమైన 10,641 రైతుభరోసా కేంద్రాల్లో విత్తనాలు, ఎరువుల కోసం కియోస్కులు నెలకొల్పారు. అక్కడ రైతుకు తోడుగా గ్రామ వ్యవసాయ సహాయకుడు నిలిచాడు.

3. బడి

2008లో ఉమ్మడి రాష్ట్రంలోని 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్యా పథకం మొదలైంది. ప్రైవేటు సంస్థలు ప్రయోగశాలలు ఏర్పరచి, అయిదేళ్లు నిర్వహించి, ప్రభుత్వానికి అప్పగించడం దాని పద్ధతి. గడువు తీరాక యంత్రాలు బడికి మిగిలాయి గాని, వాటిని నేర్పే బోధకుల కొనసాగింపుకు ఆ పద్ధతిలో హామీ లేదు.

2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. విద్యుత్ స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు అంతర్జాలం, టీవీ, ఫోను అందించడం దీని లక్ష్యం. 2019 నవంబరు 14న ఒంగోలులో ‘మనబడి నాడు-నేడు’ మొదలైంది. తొలివిడతలో 15,715 పాఠశాలల్లో తాగునీరు, మరుగుదొడ్లు, మరమ్మతులకు ప్రాధాన్యం దక్కగా, స్పర్శతెరలు తరువాత వచ్చాయి.

2022 డిసెంబరు 21న అంతకుముందు గుంటూరు జిల్లాలో ఉండి బాపట్ల జిల్లాలో చేరిన యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభమైంది. రాష్ట్రవ్యాప్తంగా 4,59,564 మంది విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు వీటిని ఉద్దేశించారు. అంతర్జాలం లేకున్నా చదువుకునేలా పాఠాలను ముందే అందులో నిక్షిప్తం చేశారు. తీగ అందని ఇల్లు ఇంకా ఉందన్న అంగీకారం ఈ ఏర్పాటులోనే కనిపిస్తుంది.

4. ముగింపు

మిర్చి కోతల కాలంలో కర్నూలు పశ్చిమ మండలాల కూలి కుటుంబాలు గుంటూరు పొలాలకు వలస వస్తాయి. వారి పిల్లల తరగతి గది ఊళ్లోనే ఉండిపోతుంది. గోడకు బిగించిన తెర వారి వెంట రాదు. చేతిలోని ట్యాబ్ వచ్చినా, సందేహం తీర్చే ఉపాధ్యాయుడు రాడు. అంగడిలో మధ్యవర్తి ఉండటం రైతుకు సమస్య అయింది. బడిలో మధ్యవర్తి లేకపోవడం విద్యార్థికి సమస్య అవుతున్నది. ఈ రెండింటి తేడాను గుర్తించకుండా పంచిన సాధనాల సంఖ్యతోనే ప్రగతిని కొలిస్తే, మిరపచేలో ఉన్న పిల్లవాడు ఆ లెక్కలో లబ్ధిదారుగానే ఉంటాడు. చదువులో మాత్రం ఉండడు.