పాత డ్రైవ్‌లకు పాట వచ్చిన కాలం

1971లో ఐబీఎం 8 అంగుళాల ఫ్లాపీని మార్కెట్లోకి తెచ్చింది. ఇళ్లలోకి ఎక్కువగా చేరింది మాత్రం తర్వాతి 3.5 అంగుళాల రకమే. దాన్ని చదివే డ్రైవ్‌లో హెడ్‌ను జరిపేది చిన్న స్టెప్పర్ మోటారు. 34 పిన్నుల కనెక్టర్‌లో 20వ పిన్నుకు ఒక పల్స్ అందితే హెడ్ ఒక ట్రాక్ దాటుతుంది, అంటే సుమారు 0.19 మిల్లీమీటర్లు. ఎటు జరగాలో 18వ పిన్ను చెబుతుంది. సెకనుకు 440 పల్సులు పంపితే హెడ్ జరిగే గరగర కాస్తా స్వరమవుతుంది. ట్రాక్‌లు 80 మాత్రమే కాబట్టి హెడ్ చివరికి చేరేలోగా దిశ మార్చాలి, చిక్కంతా అక్కడే.

2011లో సోనీ జపాన్‌లో ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. అదే ఏడాది పోలండ్ ఇంజనీరు పావెల్ జద్రోజ్‌నియాక్ రెండు డ్రైవ్‌లతో ‘స్టార్ వార్స్’ సంగీతం పలికించాడు. 2016 నాటికి అతని ‘ఫ్లాపోట్రాన్’ అనే వాద్యయంత్రంలో 64 ఫ్లాపీ డ్రైవ్‌లు, 8 హార్డ్‌డిస్క్‌లు, 2 స్కానర్లు చేరాయి, 2022లో ఫ్లాపీ డ్రైవ్‌ల సంఖ్య 512కు పెరిగింది. హార్డ్‌డిస్క్‌లో స్టెప్పర్ బదులు వాయిస్ కాయిల్ ఉంటుంది. దాని చేయి అంచుకు తగిలి టకటకమంటుంది, అందుకే దానికి తాళం పని అప్పగించారు.

పాటకన్నా పనికొచ్చే దారి డీవీడీ డ్రైవ్‌లది. వాటి స్టెప్పర్ పట్టాలను రెండు జతచేసి, ఆర్డ్వినో బోర్డుతో నడిపి, చిన్న చిన్న బొమ్మలు గీసే ప్లాటర్లు తయారుచేస్తున్నారు.